అతుకు గట్టిదైతేనే బ్యాటరీ నిలుస్తుంది



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన హాస్టల్ విద్యార్థి కమిటీ అడిగింది. క్రమశిక్షణ గురించి, విద్య విలువ గురించి, బాబాసాహెబ్ ఆశయాల గురించి మన సంచికల్లో మంచి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. వాటిని నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకే నేను ఎంచుకున్నది బ్యాటరీ. సెల్‌ఫోన్లో ఉండేది, ఎలక్ట్రిక్ స్కూటర్ సీటు కింద ఉండేది, రేపు మన బస్సులన్నిటినీ నడపబోయేది.

హాస్టల్ పిల్లలకు బ్యాటరీతో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రాబోయే బ్యాటరీల భవిష్యత్తు రెండు ఘనపదార్థాలు కలిసే అతుకు దగ్గర తేలుతుంది. ఆ అతుకును అర్థం చేసుకునే చదువు మనకు అందనంత ఎత్తులో ఏమీ లేదు. దాన్ని మనం వదులుకుంటే, మన జిల్లాలోనే పుడుతున్న ఒక పరిశ్రమ గేటు బయటే మిగిలిపోతాం.

మన చుట్టూ జరుగుతున్నది

2019 మార్చిలో ఆర్టీసీ 40 ఎలక్ట్రిక్ బస్సులను శంషాబాద్ విమానాశ్రయం రూటులో ప్రవేశపెట్టింది. మన రంగారెడ్డి జిల్లాలోనే షాబాద్ మండలం సీతారాంపూర్‌కు ఒలెక్ట్రా వారి ఎలక్ట్రిక్ బస్సుల ఫ్యాక్టరీ వచ్చింది. పక్కనున్న మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల ఫ్యాక్టరీ కోసం 2022 డిసెంబర్‌లో అమరరాజా సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పదేళ్ళలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి, ఏడాదికి 16 గిగావాట్ అవర్ల సెల్లులు తయారుచేసే సామర్థ్యం అన్నారు. 2023 మేలో శంకుస్థాపన జరిగింది. శంషాబాద్ దగ్గర ఒక పరిశోధన కేంద్రం కూడా ఆ ప్రణాళికలో ఉంది.

ఇలాంటి ఫ్యాక్టరీ వచ్చిన ప్రతిచోటా మన వాళ్ళు కనబడతారు. సెక్యూరిటీ గార్డుగా, లోడింగ్ కూలీగా, క్యాంటీన్లో, తోటపనిలో. ఆ పనులను నేను చిన్నచూపు చూడను. మా నాయన సుతారి పని చేస్తాడు, మా అమ్మ ఆయనకు ఇటుకలందించింది. ఆ కూలి డబ్బులతోనే మా ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చింది. అయితే ఒక ప్రశ్న అడగక తప్పదు. ఆ గేటు లోపల, ల్యాబులో, తెల్ల కోటు వేసుకున్నవాళ్ళలో మన హాస్టళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు ఎంతమంది?

ఎండలో పెట్టిన సెల్లు

మన ఊళ్ళలో టార్చిలైటునే బ్యాటరీ అంటాం. వెలుతురు తగ్గితే మన తాతలు సెల్లులు తీసి ఎండలో పెట్టేవాళ్ళు. కాసేపు మళ్ళీ వెలిగేది. అది మూఢనమ్మకం కాదు, దాని వెనుక కెమిస్ట్రీ ఉంది. టార్చి సెల్లులో చర్య జింకు డబ్బా అంతటా ఒకేసారి జరగదు. జింకు, దాన్ని అంటుకుని ఉన్న తడి ముద్ద, ఈ రెండూ కలిసే పైపొర దగ్గర జరుగుతుంది. నల్లటి ముద్ద వైపు కూడా అంతే. వాడే కొద్దీ చర్యలో పుట్టిన పదార్థాలు అక్కడే పేరుకుని అయాన్లకు దారి మూస్తాయి. ఎండ వేడికి అయాన్లు చురుకై కొంత దారి దొరుకుతుంది. సెల్లుకు కాస్త ఊపిరి వస్తుంది.

దీన్నిబట్టి ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఏ బ్యాటరీ అయినా సరే, అసలు కథ పదార్థం నడిమధ్యలో జరగదు, రెండు పదార్థాలు తాకే చోట జరుగుతుంది. ఎలక్ట్రాన్ ఇచ్చేది అక్కడే, పుచ్చుకునేది అక్కడే. ఆ చోటును ఇంగ్లీషు పుస్తకాల్లో ఇంటర్‌ఫేస్ అంటారు. నేను అతుకు అంటాను.

మన సెల్‌ఫోన్లో ఉండే లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ కంపెనీ మొదట మార్కెట్లోకి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. అందులో ఒక వైపు గ్రాఫైట్, మరో వైపు లోహ ఆక్సైడ్, మధ్యలో ద్రవ విద్యుద్విశ్లేష్యం ఉంటాయి. మొదటిసారి చార్జింగ్ పెట్టినప్పుడే ఆ ద్రవంలో కొంత గ్రాఫైట్ మీద విరిగిపోయి పలుచని పొరగా ఏర్పడుతుంది. మందం కొన్ని నానోమీటర్లు. ఆ పొర లిథియం అయాన్లను పోనిస్తుంది, ఎలక్ట్రాన్లను ఆపుతుంది. అందువల్ల ద్రవం మరింత పాడుకాకుండా ఆగిపోతుంది. అంటే మనం రోజూ జేబులో పెట్టుకు తిరిగే ఫోను, అతుకు దగ్గర పుట్టిన ఆ పొర దయవల్లే ఏళ్ళ తరబడి పనిచేస్తోంది.

మంటల లెక్క

కానీ ఆ ద్రవం మండే ద్రవం. లోపల షార్ట్ సర్క్యూట్ అయితే వేడి పుడుతుంది. ఆ వేడికి చర్యలు వేగం పుంజుకుని ఇంకా వేడి పుడుతుంది. చివరికి ద్రవం ఆవిరై అంటుకుంటుంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒకరు, విజయవాడలో ఒకరు, ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో ఒక భవనంలో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉండగా, కింద మొదలైన మంటల పొగకు ఎనిమిది మంది బలయ్యారు. ఆ మనుషులు ఎవరికీ శత్రువులు కారు. రాత్రి నిద్రపోతున్నవాళ్ళు, ఊరు కాని ఊరు వచ్చి గది తీసుకున్నవాళ్ళు.

ఈ సందర్భంగా హాస్టల్ తమ్ముళ్ళకు ఒక మాట. దిండు కింద ఫోను పెట్టి చార్జింగ్ చేయకండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పది చార్జర్లు పెట్టకండి. ఉబ్బిన బ్యాటరీని వెంటనే వాడటం మానేయండి. లోపల ఏముందో చూద్దామని విప్పకండి, సూదితో గుచ్చకండి. ఒక హాలులో ముప్పై నలభై మంది పడుకునే చోట ఇది చాదస్తం కాదు, ప్రాణాల సంగతి.

ద్రవం పోయి రాయి వస్తే

మండే ద్రవాన్ని తీసేసి దాని స్థానంలో ఘనపదార్థాన్ని పెట్టాలన్నదే సాలిడ్ స్టేట్ బ్యాటరీ ఆలోచన. ఘనపదార్థంలో అయాన్లు ఎలా కదులుతాయని ఇంటర్ చదివే తమ్ముళ్ళు అడగవచ్చు. కదులుతాయి. వేడి చేసిన సిల్వర్ సల్ఫైడ్‌లో విద్యుత్తు పారుతుందని మైకెల్ ఫారడే 1830లలోనే గమనించాడు. సిల్వర్ అయొడైడ్‌ను 147 డిగ్రీలు దాటిస్తే అందులో వెండి అయాన్లు దాదాపు ద్రవంలో కదిలినట్టే కదులుతాయని 1914లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపారు. లిథియం విషయంలో మన భారతీయుల పేర్లు కూడా ఉన్నాయి. 2007లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంలో రామస్వామి మురుగన్, వెంకటరామన్ తంగదురై, వెర్నర్ వెప్నర్ కలిసి లిథియం, లాంథనం, జిర్కోనియం, ఆక్సిజన్‌లతో గార్నెట్ రకం పింగాణీ పదార్థాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. దాని మీద నేటికీ ప్రపంచమంతా పరిశోధన సాగుతోంది. 2011లో జపాన్‌లో కన్నో బృందం కనుగొన్న సల్ఫైడ్ పదార్థం, గది ఉష్ణోగ్రత వద్దే ద్రవంతో పోటీపడేంతగా లిథియం అయాన్లను నడిపించింది.

దీనికి ఇంకో ఆశ కూడా తోడైంది. ఒక గ్రాము గ్రాఫైట్ సుమారు 372 మిల్లీ ఆంపియర్ అవర్ల చార్జిని దాచగలదు. అదే ఒక గ్రాము లిథియం లోహమైతే 3,860. పదింతలు! ద్రవంలో లిథియం లోహాన్ని వాడితే అది ముళ్ళలా పెరిగి అవతలి ధ్రువాన్ని తాకి షార్ట్ చేస్తుంది. మధ్యలో గట్టి రాయి ఉంటే ఆ ముల్లు ఆగుతుంది కదా అనుకున్నారు.

ఇక్కడే నా ప్రశ్న. 2011లోనే ద్రవానికి దీటైన ఘనం దొరికితే, ఇన్నేళ్ళు గడిచినా మన వీధిలో అలాంటి స్కూటర్ ఒక్కటైనా ఎందుకు తిరగడం లేదు? అయాన్ ఘనం లోపల హాయిగా పరుగెత్తుతోంది. ఒక ఘనం నుంచి మరో ఘనంలోకి అడుగు పెట్టేటప్పుడు తట్టుకుని పడుతోంది. చిక్కంతా అతుకులోనే ఉంది.

అతుకు దగ్గర మూడు చిక్కులు

మొదటిది, తాకడం. మన హాస్టల్లో పరచిన షాబాద్ బండల్లాంటివి రెండు తీసుకుని ఒకదానిమీద ఒకటి పెట్టండి. చూపుకు పూర్తిగా కలిసినట్టే ఉంటాయి. అంచున నీళ్ళు పోస్తే మధ్యలోకి దూరతాయి. అంటే అవి తాకుతున్నది అక్కడక్కడ మాత్రమే. ద్రవమైతే ప్రతి సందులోకి తనే వెళ్ళి అంటుకుంటుంది. ఘనం వెళ్ళదు. పైగా గార్నెట్ పింగాణీని గాలిలో ఉంచితే తేమ, కార్బన్ డయాక్సైడ్ తగిలి దాని మీద లిథియం కార్బొనేట్ పొర కడుతుంది. దాని మీద లిథియం లోహం సరిగా పరుచుకోదు. దీన్ని చదివినప్పుడు నాకు మా నాయన పని గుర్తుకొచ్చింది. ఇటుకను దుమ్ము దులిపి, నీళ్ళలో తడిపి మరీ మాలు మీద పెడతారు. పొడి ఇటుక మాలులోని నీటిని లాగేసుకుంటుంది, గోడ పట్టు విడుస్తుంది. అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం బృందం గార్నెట్ మీద అతి పలుచని అల్యూమినియం ఆక్సైడ్ పూత వేసింది. అతుకు దగ్గర నిరోధం చదరపు సెంటీమీటరు లెక్కన 1,710 ఓమ్‌ల నుంచి ఒక ఓమ్‌కు పడిపోయిందని 2017లో ప్రకటించింది. పింగాణీని మార్చలేదు, లిథియాన్నీ మార్చలేదు. మధ్యలోని పూత ఒక్కటే ఆ తేడా తెచ్చింది.

రెండవది, రసాయన చర్య. లిథియం లోహం ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి తొందరపడే లోహం. తాకిన సల్ఫైడ్ విద్యుద్విశ్లేష్యాన్ని క్షయకరణం చేస్తుంది. అటువైపు ధన ఎలక్ట్రోడ్ దాన్నే ఆక్సీకరణం చేస్తుంది. పాపం ఆ ఘనం రెండు వైపులా దెబ్బలు తింటుంది. చర్యలో పుట్టిన పొర అయాన్లను పోనిచ్చి ఎలక్ట్రాన్లను ఆపితే మంచిదే, చర్య అక్కడితో ఆగుతుంది. కానీ కన్నో పదార్థంలో జెర్మేనియం ఉంది. లిథియం తగిలితే లిథియం సల్ఫైడ్, లిథియం ఫాస్ఫైడ్‌లతో పాటు లిథియం జెర్మేనియం మిశ్రమలోహం కూడా పుడుతుంది. దాని గుండా ఎలక్ట్రాన్లు కూడా పోతాయి. కాబట్టి చర్య ఆగదు, చెదపురుగులా లోపలికి తింటూ పోతుంది. ధన ఎలక్ట్రోడ్ వైపు చర్యను తగ్గించడానికి జపాన్ శాస్త్రవేత్తలు ఆక్సైడ్ రేణువులకు లిథియం నయోబేట్ పూత పూసే పద్ధతిని 2007లో చూపారు. నేటికీ అదే దారిలో ఎన్నో పూతలు వస్తున్నాయి.

మూడవది, కదలిక. చార్జి ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఎలక్ట్రోడ్లు ఉబ్బుతాయి, కుంచించుకుంటాయి. ద్రవం సర్దుకుంటుంది, రాయి సర్దుకోదు, పగులుతుంది. లిథియాన్ని త్వరత్వరగా వాడుకుంటే అతుకు దగ్గర గుంటలు పడతాయి. మిగిలిన కొద్ది చోట్లలోనే కరెంటంతా పోటెత్తుతుంది. మళ్ళీ చార్జి చేసేటప్పుడు అక్కడే లిథియం ముల్లు మొలుస్తుంది. లిథియం కంటే తగినంత గట్టిదైన ఘనం ముల్లును ఆపగలదని 2005లో మన్రో, న్యూమన్ లెక్క కట్టి చూపారు. గార్నెట్ అంతకంటే ఎన్నో రెట్లు గట్టిది. అయినా మెత్తటి లిథియం దాని పగుళ్ళలో, రేణువుల మధ్య సందుల్లో దూరి అవతలికి చేరింది. కఠినంగా ఉండటం ఒక్కటే బలం కాదని ఇది నేర్పుతోంది.

గుండెలో పనిచేసిన అతుకు

ఇన్ని కష్టాలు చదివి ఇది జరిగే పని కాదనుకోకండి. గుండె జబ్బు వారికి అమర్చే పేస్‌మేకర్‌లో 1972 నుంచే లిథియం అయొడిన్ బ్యాటరీ వాడారు. అందులో లిథియం, అయొడిన్ ముద్ద రెండింటినీ నేరుగా తాకిస్తారు. తాకిన చోట లిథియం అయొడైడ్ పొర దానంతటదే పుడుతుంది. ఆ పొరే గోడ, ఆ పొరే విద్యుద్విశ్లేష్యం. వాడే కొద్దీ అది మందమై నిరోధం నెమ్మదిగా పెరుగుతుంది. దాన్ని కొలిచి, బ్యాటరీ ఎప్పుడు మార్చాలో డాక్టర్లు ముందే తెలుసుకునేవారు. అది తిరిగి చార్జి చేసేది కాదు, ఇచ్చే కరెంటు కూడా చాలా తక్కువ. అయినా అతుకు గుణం తెలిసినవాడికి అదే చర్య శత్రువు కాకుండా సేవకుడైంది.

మరోవైపు పేపర్లలో, టీవీల్లో వచ్చే ఆర్భాటాన్ని నేను నమ్మను. పది నిమిషాల్లో చార్జింగ్, వెయ్యి కిలోమీటర్ల ప్రయాణం, మంట అన్న మాటే ఉండదు అంటారు. టయోటా కంపెనీ 2027-28లో మార్కెట్లోకి తెస్తామని 2023లో ప్రకటించింది. తెస్తే సంతోషమే. కానీ ఘనమైతే చాలు మంట రాదన్న మాట సగం నిజం. పారిస్‌లో పాలిమర్ ఘన విద్యుద్విశ్లేష్యం, లిథియం లోహం వాడిన బ్యాటరీలతో తిరిగిన బస్సులు రెండు 2022 ఏప్రిల్‌లో తగలబడ్డాయి. అక్కడి రవాణా సంస్థ ఆ రకం బస్సులు 149 ఆపేసింది. సల్ఫైడ్ పదార్థాలకు తేమ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు వస్తుంది. మన ల్యాబుల్లో కుళ్ళిన గుడ్ల వాసన వేసేది అదే. సైన్సు చదివినవాడు ప్రకటనలకు చప్పట్లు కొట్టడం కాదు, అతుకు దగ్గర ఏం జరిగిందో అడగాలి.

మన సంగతి

మన హాస్టల్లో తెలివైన పిల్లవాడు కనబడితే ఇంజినీరింగ్ చదవమంటాం. కొంచెం కష్టమైతే కానిస్టేబుల్ నోటిఫికేషన్ చూడమంటాం. బీఎస్సీ కెమిస్ట్రీ అంటే జాలిపడతాం. ఇది మారాలన్నది నా విన్నపం.

ఈ పరిశోధనలో రోజువారీ పని ఏమిటో నా ఎమ్మెస్సీ ప్రాజెక్టులో కొంత చూశాను. పొడిని రాతి కల్వంలో గంటల తరబడి నూరాలి. ప్రెస్సులో నొక్కి బిళ్ళ చేయాలి. కొలిమిలో సరైన వేడి మీద కాల్చాలి. పగుళ్ళు లేకుండా తీసి నున్నగా రుద్దాలి. అప్పుడు నిరోధం కొలవాలి. పదిసార్లు విరుగుతుంది, పదకొండోసారి నిలబడుతుంది. గొప్ప ఇంగ్లీషు కంటే ఓపిక, చేతి పనితనం, శుభ్రత ఇక్కడ ఎక్కువ అవసరం. ఈ మూడూ మన తల్లిదండ్రుల దగ్గర మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్నవే.

మరి ఎక్కడ తెగిపోతోంది? నేను చదివిన ఒక కాలేజీలో ల్యాబు తాళం ప్రాక్టికల్ పరీక్షల వారమే తీసేవారు. రికార్డులు సీనియర్ల నోటుబుక్కుల నుంచి కాపీ చేసి నింపాం. పుస్తకం మంచిదే, పిల్లవాడు తెలివైనవాడే. రెండింటినీ కలిపే చోటికి తాళం వేశారు. బ్యాటరీలో లాగే మన చదువులో కూడా నిరోధం అతుకు దగ్గరే ఉంది.

నెలవారీ మెస్ చార్జీలు చాలక కష్టపడుతుంటే ఈ సాలిడ్ స్టేట్ గోల ఎందుకని ఒక అన్న నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మెస్ చార్జీల కోసం అడగాల్సిందే, అడుగుదాం. కానీ కడుపు నిండాకే సైన్సు అని మనకు మనం షరతు పెట్టుకుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. ఇంటికి త్వరగా సంపాదన కావాలనే తమ్ముడు ఉద్యోగానికి వెళ్ళడం తప్పు కాదు. వెళ్ళగలిగిన ఇద్దరు ముగ్గురికైనా ఈ దారి ఉందని తెలియాలి కదా! సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తున్నారు. ఎస్సీ విద్యార్థులకు ప్రత్యేకంగా నేషనల్ ఫెలోషిప్ ఉంది. పరిశోధన చేస్తూనే ఇంటికి డబ్బు పంపవచ్చు. ఈ మాట మన ఇళ్ళలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే చెప్పేవారు లేరు. మొదట చదివినవాడి బాధ్యత అదే.

అందుకే పూర్వ విద్యార్థులకు, వార్డెన్ సారుకు నావి నాలుగు సూచనలు.

ఒకటి, మన హాస్టల్లో ఒక చిన్న గది సైన్సు గదిగా పెడదాం. మల్టీమీటర్, జింకు, రాగి రేకులు, నిమ్మకాయలు చాలు. పదో తరగతి పిల్లవాడు సెల్లును తన చేతులతో చేసి చూడాలి. లిథియం జోలికి మాత్రం పోవద్దు.

రెండు, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ, చర్లపల్లిలోని సి-మెట్ వంటి కేంద్ర పరిశోధన సంస్థలు మన చుట్టుపక్కలే ఉన్నాయి. ఏఆర్‌సీఐలో లిథియం బ్యాటరీ పదార్థాల మీద పని జరుగుతోంది. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవానికి మన పిల్లలను తీసుకువెళ్ళేందుకు అనుమతి కోరుతూ వార్డెన్ సారు ముందుగా ఒక ఉత్తరం రాయాలి.

మూడు, ప్రతి ఏటా డిగ్రీలో సైన్సు తీసుకున్న ఇద్దరికి పీజీ ఎంట్రెన్స్ ఫీజు, పుస్తకాలు పూర్వ విద్యార్థులం చందా వేసుకుని ఇద్దాం. మొదటి చందా నాది.

నాలుగు, కాలేజీలో ల్యాబు తాళం తీయకపోతే ఊరుకోవద్దు. పదిమంది కలిసి సంతకాలు పెట్టి ప్రిన్సిపాల్‌కు దరఖాస్తు ఇవ్వండి. ప్రాక్టికల్ మన హక్కు.

తమ్ముళ్ళారా! దివిటిపల్లిలో తయారయ్యే సెల్లులకు రేపు ఏ పూత వేయాలి, ఏ పింగాణీ వాడాలి అని నిర్ణయించే బల్ల ఒకటి ఉంటుంది. ఆ బల్ల దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో అన్నం తిన్నవాడు ఒక్కడైనా కూర్చోవాలి. ఆ పనికి ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నవాడికి ఇంకా పన్నెండు, పదమూడేళ్ళు సమయం ఉంది. ప్రపంచానికి కూడా ఇంకా ఆ అతుకు పూర్తిగా కుదరలేదు. కాబట్టి మనం ఆలస్యం కాలేదు. రేపు ఉదయం స్టడీ అవర్‌లో ఎలక్ట్రో కెమిస్ట్రీ పాఠం తీసి మొదటి పేజీ నుంచి చదవండి. అర్థం కాకపోతే నన్ను అడగండి. ఆదివారాలు నేను హాస్టల్‌కే వస్తాను.

— పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ